పడుకోబెట్టి నిలబెట్టిన మేస్త్రి

మా మేస్త్రి కాక ఎవరింటికి వచ్చినా ముందు మనుషులను పలకరించేవాడు కాదు, ఇంటిని పలకరించేవాడు. గడప దాటకముందే దర్వాజకు భుజం ఆనించి ఒకసారి నెట్టి చూసేవాడు. తర్వాత వసారా గుంజ మీద మూడు వేళ్ళతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "గిది మంచిగ మోస్తున్నది" అనో, "గిది ఉత్తగ నిలవడ్డది, తిండి దండుగ" అనో తీర్పు చెప్పి, అప్పుడు "ఏం బిడ్డా, బువ్వ తిన్నరా?" అని అడిగేవాడు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఈయనకు కొంచెం తిక్క ఉందేమోనని మా ఆయనను చాటుకు పిలిచి అడిగాను.

"ఉన్నది, కని మంచి తిక్క" అన్నాడు మా ఆయన.

మాది ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుగని బస్తీ. నేను హుజూరాబాద్‌లో మగ్గం చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్లను. క్వార్టర్ల వరసలో ఒక్కరూ చుట్టాలు కారు. అందుకని పిలుపులతోనే చుట్టరికాలు కలుపుకునేవాళ్ళం. ఆయనను నేను చిన్నాన్న వరసన కాకా అన్నాను కాబట్టి మా ఆయన ఆయనకు అల్లుడయ్యాడు. అల్లుడన్నాక మర్యాద చేయాలి. మేస్త్రి కాక మాత్రం వెక్కిరించడమే మర్యాద అనుకునేవాడు.

గనిలో బొగ్గు తవ్వి తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టె గుంజలు నిలబెట్టడం ఆయన పని. ఆ పనిలో జుట్టు నెరిసింది. గుంజలో లావు కొన పైకి, సన్న కొన కిందికి పెట్టాలనేది ఆయన మొదటి పాఠం. "బరువు యాడ పడుతదో ఆడ లావు కొన" అనేవాడు. గుంజకూ కప్పుకూ మధ్య చెక్కముక్క కొట్టి బిగించేదాకా ఊరుకునేవాడు కాదు. "బరువు పడని గుంజ గుంజ గాదు బిడ్డా, పొయ్యిల కట్టె" అనేవాడు. తల్లి తరపు వాళ్ళు మరాఠీ మాట్లాడే ఊళ్ళవాళ్ళు కావడంతో, మెల్లగా అనడానికి "హళూ హళూ" అనేవాడు. అదే మాటను తొందర పెట్టడానికి కూడా వాడేవాడు. ఏ హళూ ఏదో ఆయన మొహం చూసి తెలుసుకోవాలి. పేరు కంపెనీ కాగితాల్లో ఉండే ఉంటుంది. నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు, సిగ్గుగా ఉంది.

మొన్న పత్రికలో ఒక ముచ్చట చదివితే ఆయన కళ్ళముందుకు వచ్చాడు. ఆకాశంలో నెలల తరబడి ఉండేవాళ్ళకు ఒంటిమీద బరువు తెలియదట. బరువు లేక ఎముకలు పలచబడతాయట, కండ కరుగుతుందట, దిగి వచ్చాక నిలబడితే కళ్ళు తిరుగుతాయట. అక్కడే వాళ్ళను గుండ్రంగా తిప్పితే పాదాల కింద బరువు పుడుతుందనీ, దానితో ఆరోగ్యం కాపాడవచ్చేమోననీ పెద్ద పెద్ద చదువులవాళ్ళు ఆలోచిస్తున్నారట. చదివి పత్రిక మడిచి పక్కన పెట్టి, ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. మా మేస్త్రి కాకకు అక్షరమ్ముక్క రాదు మరి.

మొట్టమొదటి మనిషి ఆకాశానికి పోయి వచ్చిన సంవత్సరం నాకు బాగా జ్ఞాపకం. బస్తీలో ఒకే ఒక రేడియో ఉండేది, గనివాళ్ళు పత్రికలు చదువుకునే గదిలో. అక్కడ విన్నవాళ్ళు మా వసారాలోకి వచ్చి గొప్పగా చెప్తున్నారు. పైన బరువు ఉండదట, చేతిలో వస్తువు వదిలితే కింద పడదట, గాలిలోనే ఉంటుందట. అందరూ నోరు తెరుచుకుని వింటున్నారు. మేస్త్రి కాక ఒక్కడే దిగులుగా మొహం పెట్టాడు.

"ఎన్ని దినాలున్నడు ఆడ?" అని అడిగాడు.

"దినాలెక్కడియే, రెండు గంటలు గూడ గాలే" అన్నాడు మా ఆయన.

"గట్లయితె బతికిండు. నెల దినాలుంటె తెలుస్తుండె. మోసేటిది ఏం లేకుంటె ఒంట్ల బొక్కలు ఎందుకు గట్టిగుంటయ్ అల్లుడా?"

అందరూ పకపకా నవ్వారు. మేస్త్రిని పంపితే ఆకాశంలో కూడా గుంజలు పాతి వస్తాడని ఎవరో అన్నారు. ఆయన ఉడుక్కున్నాడు. మూలనున్న నీళ్ళ చెంబు తీసి మెడకు తాడు కట్టి, నిండా నీళ్ళతోనే తలమీదుగా గిరగిరా తిప్పాడు. చెంబు బోర్లా తిరిగినా ఒక్క చుక్క కారలేదు.

"నీళ్ళకు కింద ఏదో ఎవరు జెప్పిన్రు? నేను జెప్పిన. భూమి ఒక్కటే గుంజుతది అనుకున్నరా, తిప్పితె చెంబు అడుగు గూడ గుంజుతది" అన్నాడు. ఆపేటప్పుడు మాత్రం సగం నీళ్ళు నా ముగ్గు మీద పోశాడు.

ఆ వానాకాలమే గనిలో పైకప్పు నుంచి బండ జారి మా ఆయన తొడమీద పడింది. దవాఖానలో కట్టు వేసి, కొన్నాళ్ళు ఉంచుకుని ఇంటికి పంపారు. ఆరు నెలలు మంచమే. నేను చేసిన సేవ ఇంతా అంతా కాదు. మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనిచ్చేదాన్ని కాదు. అన్నం కలిపి ముద్దలు పెట్టాను. తల కింద దిండు ఎత్తు పెంచమని ఆయన అడిగితే, కదిలితే నొప్పి పుడుతుందని అదీ ఒప్పుకోలేదు. వరసలోని ఆడవాళ్ళంతా సేవంటే ఇదీ అని మెచ్చుకుంటుంటే లోపల్లోపల పొంగిపోయాను.

ఎముక అతికింది. ఇక మెల్లమెల్లగా లేపి కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. భుజాల కింద చేతులు వేసి లేపితే మా ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. కళ్ళు తేలవేసి నా మీదికి వాలిపోయాడు. పడుకోబెట్టగానే తెప్పరిల్లాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒళ్ళు అంతకాలం నిలబడడం మరిచిపోయిందనీ, ఓపికగా అలవాటు చేయాలనీ డాక్టరు చెప్పాడు. కానీ మా ఆయనకు భయం పట్టుకుంది. లేపబోతే చిన్నపిల్లాడిలా మంచం పట్టె పట్టుకునేవాడు. గనిలోకి నవ్వుతూ దిగిన మనిషి కూర్చోవడానికి భయపడుతుంటే నేనే చేతులు వెనక్కి తీసుకునేదాన్ని.

అప్పుడే కంపెనీ నుంచి కాగితం వచ్చింది. నెల రోజుల తర్వాత పెద్ద డాక్టర్ల ముందు హాజరు కావాలి. కర్ర లేకుండా నిలబడి పది అడుగులు వేస్తే గని పైన దీపాల గదిలో పని ఇస్తారు. దిగేవాళ్ళకు దీపాలు అందించడం, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకోవడం, అంతే. నిలబడలేకపోతే నౌకరీ లేదు, క్వార్టరు ఖాళీ చేయాలి. మా బాపు హుజూరాబాద్ నుంచి వచ్చి, తన ఇంటికి వచ్చేయమన్నాడు. ఆ ఇంట్లో మగ్గం మీద వచ్చేది వాళ్ళకే చాలదని నాకు తెలుసు. బాపుకూ తెలుసు. అందుకే ఆ మాట చెప్పి వెంటనే కిటికీలోంచి బయటికి చూశాడు.

మేస్త్రి కాక ఆ సాయంత్రం వచ్చాడు. దర్వాజను నెట్టలేదు. నేరుగా మంచం దగ్గరికి పోయి, మా ఆయన అరికాలు మీద మూడు వేళ్ళతో కొట్టి, చెవి వంచి విన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏందే కాకా, గుంజనా ఆయన?"

"మోస్తలేదు" అన్నాడు, నా మాట విననట్టు. "ఆరు నెలల సంది గీ కాలు ఏం మోస్తలేదు. దీనికి బరువు వెట్టాలె."

"లేస్తెనే పడిపోతున్నడు, ఎట్ల పెడతవ్?"

"లేపకుంటనే పెడత. పండవెట్టి నిలవెడత."

క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో పిల్లలు ఆడుకోవడానికి ఆయనే ఒక తిరుగుడు చక్రం చేసి ఉంచాడు. భూమిలో పాతిన గుంజ మీద పాత బండిచక్రాన్ని అడ్డంగా బిగించి, దాని మీద ఈ చివరికీ ఆ చివరికీ పొడవాటి చెక్కలు వేశాడు. పిల్లలు కూర్చుంటే ఎవరో ఒకరు నెట్టి తిప్పేవాళ్ళు. మర్నాడు పొద్దున నలుగురిని పిలిచి మా ఆయనను మంచంతో సహా అక్కడికి మోయించాడు. ఒక పక్క చెక్క మీద గొంగడి పరిచి పడుకోబెట్టి, బట్టతో కట్టాడు. చివర అడ్డుచెక్క బిగించాడు. ఎదుటి పక్క తూకానికి ఇసుక బస్తాలు పెట్టాడు.

అన్నీ బాగానే చేశాడు. ఒక్కటే తప్పు చేశాడు. బరువు పడే దిక్కుకు లావు కొన ఉండాలి కదా, మనిషికి లావు కొన భుజాలు కదా అని, మా ఆయన తల బయటికీ కాళ్ళు నడిమికీ పెట్టాడు. అన్నేళ్ళు గుంజలు నిలబెట్టిన చెయ్యి, వేరే విధంగా పెట్టడం దానికి రాదు. "హళూ హళూ" అంటూ ఇరవై చుట్లు తిప్పేసరికి మా ఆయన మొహం మిరపపండులా ఎర్రబడి, నుదుటి నరాలు ఉబ్బాయి. ఆపగానే భళ్ళున కక్కుకున్నాడు.

నేను ఊరుకునే మనిషిని కాను. నోటికి ఎంత వస్తే అంత అన్నాను. నా మొగుడిని బండ చంపకుండా వదిలితే నువ్వు చంపుదామని వచ్చినవా అన్నాను. మళ్ళీ మా గడప తొక్కొద్దన్నాను. మేస్త్రి కాక తల వంచుకుని కట్టిన బట్ట విప్పాడు. ఇసుక బస్తాలు దించుకుని పోయాడు.

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు పొద్దున తలుపు తీస్తే బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. గడప తొక్కొద్దన్నాను కదా, తొక్కలేదు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ఊడ్చుకుంటూ ఆయన దాకా వచ్చి ఆగాను.

"నా పెండ్లాం, మీ కాకి కూడ గిట్లనే మంచంల వడ్డది" అన్నాడు, నా దిక్కు చూడకుండా. "నడుము నొప్పి అని మొదలైంది. నేను కాలు కింద పెట్టనియ్యలే. ఏడాది పొడుగునా నీళ్ళు నోట్లె పోసిన. ఊరంతా సెబాష్ అన్నది. మస్తు పున్నెం చేస్తున్న అనుకున్న. పండవెట్టి పండవెట్టి సంపిన బిడ్డా."

చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆరు నెలలుగా నేను చేసిన సేవంతా కళ్ళముందు తిరిగింది. ఆయన నన్ను తప్పు పట్టడానికి ఆ మాట చెప్పలేదు. అయినా అది నాకే తగిలింది.

"మొన్న నాదే గలతి" అన్నాడు మళ్ళీ. "గుంజ లెక్క సోంచాయించిన. మనిషికి లావు కొన పాదం. బరువు పాదానికి పోవాలె. తలకాయ నడిమిట్ల ఉండాలె. నీ మొగన్ని తర్వాత సూద్దాం, ముందుగాల నువ్వొచ్చి పండు. మంచిగ లేకుంటె మళ్ళ తిట్టు."

ఎందుకు పోయానో ఇప్పటికీ చెప్పలేను. పక్కింటి అక్కను తోడు తీసుకుని పోయాను. తల నడిమికి, పాదాలు చివరి అడ్డుచెక్కకు ఆనించి పడుకున్నాను. చీరను కాళ్ళ దగ్గర గట్టిగా కట్టింది అక్క. ఎదుటి పక్క తూకానికి మేస్త్రి కాకే పడుకున్నాడు, ఆయన తలా నా తలా నడుమ జానెడు ఎడం. అక్క నెట్టడం మొదలుపెట్టింది. ముందు ఆకాశం తిరిగింది, భయమేసి కళ్ళు మూసుకున్నాను. వేగం పెరిగిన కొద్దీ అరికాళ్ళను చెక్క నొక్కింది. మోకాళ్ళు బిగిశాయి. కళ్ళు మూసుకున్నాక తిరుగుతున్నట్టు లేదు, గోడకు ఆనుకుని నిలబడినట్టే ఉంది. పడుకునే నిలబడ్డాను.

"ఎట్లున్నది?" అని నా తలపక్క నుంచి అడిగాడు.

"ఆపు కాకా" అన్నాను. "ఆయనను తీసుకొస్తం."

ఆ రోజు నుంచి తెల్లవారగానే అదే పని. మా ఆయన కళ్ళకు పక్కింటి అక్క తువ్వాలు కట్టాలి, నేనూ అక్కా నెట్టాలి, మేస్త్రి కాక నడుముకు రాళ్ళ మూట కట్టుకుని తూకంగా పడుకోవాలి. మొదటి రోజు పది చుట్లు, అదీ మెల్లగా. తర్వాత రోజుకింత పెంచుకుంటూ పోయాం. తలకూ తలకూ ఆనించి పడుకుని తిరుగుతూ మామా అల్లుళ్ళిద్దరూ ముచ్చట్లు పెట్టేవాళ్ళు. "అల్లుడా, చెక్కను తన్ను, నా మీది కోపమంతా చెక్క మీద తీర్సుకో" అనేవాడాయన. మా ఆయన నవ్వి తన్నేవాడు. ఆరు నెలల తర్వాత ఆ నవ్వు విని నాకు ఏడుపు వచ్చింది. దిగాక మేస్త్రి కాక చక్రం పక్కన కూర్చుని, కడుపులో తిప్పుతున్నది ఎవరికీ తెలియకుండా చాలాసేపు బీడీ వెతుక్కుంటున్నట్టు నటించేవాడు.

తమ చక్రం తీసుకున్నామని పిల్లలు మా మీద అలిగారు. నీళ్ళ నల్లా దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా. "మొగన్ని కొంగుకు కట్టుకుని తిప్పుకునేటోళ్ళను సూసినం గని, చెక్కకు కట్టి తిప్పేదాన్ని నిన్నే సూస్తున్నం" అన్నది ఒకావిడ. నాకూ నవ్వు వచ్చింది.

సంగతి దవాఖాన దాకా పోయి, ఒక పొద్దున డాక్టరు వచ్చి నిలబడ్డాడు. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా చూసి, మా ఆయన నాడి పట్టుకున్నాడు.

"ఇది ఏ పుస్తకంలో ఉంది మేస్త్రీ?"

"పుస్తకం నాకు రాదు సార్. గుంజ ఒక్కటే వస్తది."

డాక్టరు నవ్వలేదు. వేగం ఇంతకు మించొద్దన్నాడు, దించాక వెంటనే కూర్చోబెట్టి చూడమన్నాడు, రోజూ తన దగ్గరికి కబురు చేయమన్నాడు. ఇప్పుడు ఎవరైనా తమ ఇంట్లో ఇట్లాంటి పని చేస్తామంటే నేనే అడ్డం పడతాను. చక్రం వల్ల మేలు జరిగిందో, రోజూ కూర్చోబెట్టడం వల్లనో, పోయిన ధైర్యం తిరిగి రావడం వల్లనో నేను చెప్పలేను. మేస్త్రి కాక కూడా చెప్పలేదు. ఆయనకు ఆ లెక్క అక్కర్లేదు. పది రోజులకు మా ఆయన కళ్ళు తిరగకుండా మంచం మీద కూర్చున్నాడు. పదిహేను రోజులకు నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై దాటాక నా భుజం వదిలేశాడు. నేను మాత్రం అప్పటినుంచి ఆయనకు ముద్దలు కలిపి పెట్టడం మానేశాను. బిందె కూడా ఆయనతోనే జరిపించాను. వరసలోని ఆడవాళ్ళు నన్ను రాయి అన్నారు. అననీ అనుకున్నాను.

పెద్ద డాక్టర్ల ముందు హాజరయ్యే రోజు మేస్త్రి కాక డ్యూటీకి సెలవు పెట్టి, ఉతికిన ధోతి కట్టుకుని మా వెంట దవాఖానకు వచ్చాడు. లోపలికి మా ఆయనను ఒక్కడినే రానిచ్చారు. కిటికీ తెరిచి ఉంది. నేను దాని పక్కన నిలబడ్డాను. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. కర్ర అక్కడ పెట్టి లేవమన్నారు. మా ఆయన లేచాడు. ఒకాయన ఏదో రాస్తున్నాడు, రాస్తూనే ఉన్నాడు, నిలబడ్డ మనిషి సంగతే మరిచినట్టున్నాడు. మా ఆయన మెడ వెనక చెమట కారడం నాకు కనిపిస్తున్నది. కుడి మోకాలు సన్నగా వణికింది, మళ్ళీ బిగిసింది.

"కాకా, సూడు, నిలవడ్డడు" అన్నాను మెల్లగా.

కాక రాలేదు. తిరిగి చూస్తే గోడ దిక్కు మొహం పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు. గనిలో కప్పు ఉరుముతుంటే కింద నిలబడి గుంజ బిగించిన మనిషి, ఆ కిటికీలోంచి చూడలేకపోయాడు.

నడవమన్నారు. పది అడుగులు అటు వేశాడు. ఎవరూ అడగకుండానే పది అడుగులు ఇటు వేశాడు. రాస్తున్నాయన కాగితం మీద ముద్ర కొట్టి చేతికి ఇచ్చాడు. మా ఆయన వసారాలోకి వచ్చేసరికి నాకు కాగితంలో ఏముందో అర్థమైంది. దీపాల గది పని వచ్చింది. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. మేస్త్రి కాక కాగితం దిక్కు చూడనే లేదు, పని సంగతి అడగనే లేదు. మా ఆయన పాదాల దిక్కే చూస్తూ దగ్గరికి వచ్చాడు.

"కాళ్ళ కింద ఎట్లున్నది అల్లుడా?"

మా ఆయన ఒక్కొక్క కాలి మీద వాలి చూసుకున్నాడు.

"బరువుగున్నది మామా" అన్నాడు. "మస్తు బరువుగున్నది."

మేస్త్రి కాక తలకు చుట్టుకున్న రుమాలు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ రుమాలు చాటు నుంచే మాట వచ్చింది.

"మొయ్యి బిడ్డా" అన్నాడు. "మొయ్యి."